పొలం ప్రభుత్వానికి... కోర్టు ఖర్చు రైతుకా?

భూసేకరణ గురించి మనవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ఎప్పుడూ రెండే విషయాలు వస్తాయి. ఒకటి, పొలం ఇవ్వాలా వద్దా. రెండు, ఎకరానికి ఎంతిస్తున్నారు. మూడోది ఇంకొకటుంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఇచ్చిన రేటు తక్కువని రైతు కోర్టుకెళితే ఆ ప్లీడరు ఫీజు, కోర్టు ఫీజు, తిరుగుడు ఖర్చులు ఎవరు పెట్టుకోవాలి? గెలిస్తే ఆ డబ్బులు తిరిగొస్తాయా?

చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ నా ఉద్దేశంలో, ఆఫీసరు మొదట ఇచ్చే రేటు ఎంత ఉంటుందన్నది కూడా ఈ మూడో ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. ఎలాగో చెప్పాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి. నూట యాభై ఏళ్ళ పైబడిన చరిత్రే గానీ, బోరు కొట్టదులెండి, ఇందులో డబ్బుల లెక్కలున్నాయి.

ఉదాహరణకి అద్దంకి వైపు తీసుకుంటాను. అద్దంకి అనగానే చదువుకున్నవాళ్ళకి గుర్తొచ్చేది పండరంగడి శాసనం. క్రీ.శ. 848 నాటిది, తరువోజ పద్యం. ఆ శాసనం చెప్పేది కూడా భూమి సంగతే, ఆదిత్య భట్టారకుడికి భూమి దానం చేసిన సంగతి. అది ఇచ్చిన భూమి. మనం మాట్లాడుకునేది తీసుకున్న భూమి. గత అరవై డెబ్భై ఏళ్ళలో ఈ చుట్టుపక్కల పత్తి, మిరప చేలల్లోంచి ప్రభుత్వం మూడు పెద్ద పనులకి భూమి తీసుకుంది.

మొదటిది నాగార్జునసాగర్ కుడి కాలువ నుంచి వచ్చే అద్దంకి బ్రాంచి కాలువ. సాగర్ కి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, కాలువలకి 1967 ఆగస్టులో నీళ్ళొదిలారు. రెండోది గుండ్లకమ్మ రిజర్వాయరు. మద్దిపాడు మండలం చిన మల్లవరం దగ్గర కట్టి 2008 నవంబరులో ప్రారంభించారు. దాని కింద మునిగిన ఊళ్ళలో అద్దంకి మండలం ధేనువకొండ ఒకటి. మూడోది ఈమధ్యది, కొడికొండ దగ్గర మొదలై ముప్పవరం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో కలిసే కొత్త ఎక్స్ ప్రెస్ వే. ముప్పవరం అద్దంకికి పక్కనే.

కాలువ, చెరువు, రోడ్డు. మూడు తరాల రైతులు. ముగ్గురికీ ఖర్చుల విషయంలో రూల్సు వేరు వేరు. అవి ఎలా మారాయో చూద్దాం.

కలెక్టరే అంతా కట్టాలన్న రోజులు

మన దేశం మొత్తానికి కలిపి భూసేకరణ చట్టం మొదట 1857లో వచ్చింది. అందులో రేటు దగ్గర పేచీ వస్తే మధ్యవర్తులకి అప్పగించేవారు. వాళ్ళు చెప్పిందే ఆఖరు. అది సరిగ్గా నడవలేదు. మధ్యవర్తులకి పని తెలియదనీ, కొందరు లంచాలు తింటున్నారనీ ప్రభుత్వమే ఒప్పుకుని 1870లో కొత్త చట్టం తెచ్చింది. పేచీ వస్తే కలెక్టరు తనే కోర్టుకి పంపాలి, జడ్జీ పక్కన ఇద్దరు అసెసర్లు కూర్చుంటారు.

ఖర్చుల సంగతి ఇక్కడే ఆసక్తిగా ఉంటుంది. కలెక్టరు ఇస్తానన్న దానికంటే కోర్టు ఏ కాస్త ఎక్కువ ఇచ్చినా మొత్తం ఖర్చులు కలెక్టరు మీదే పడేవి. రూపాయి ఎక్కువొచ్చినా సరే. అంటే రైతుకి పోయేదేమీ పెద్దగా లేదు, వస్తే లాభమే.

ఇది ఆఫీసర్లకి కంటగింపైంది. 1892లో కొత్త బిల్లు పెట్టినప్పుడు దానికి కారణాలు రాస్తూ ప్రభుత్వం ఈ ఖర్చుల పద్ధతిని వేలెత్తి చూపింది. దీనివల్ల జనం గొంతెమ్మ కోరికలు కోరుతున్నారనీ, న్యాయమైన రేటు ఇచ్చినా కాదని కోర్టుకీడుస్తున్నారనీ దాని సారాంశం. అందులో కొంత నిజం ఉండే ఉంటుంది. కానీ ఒక్కటి గమనించండి. ఆఫీసరు తక్కువ రేటు ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న ఆ కారణాల్లో లేదు. ఖర్చు భయం ఎటువైపు ఉండాలి అన్నదే గొడవంతా. 1870 చట్టం ఆ భయాన్ని కలెక్టరు వైపు పెట్టింది. 1894 చట్టం దాన్ని కొంత రైతు వైపు జరిపింది.

"మామూలుగా" అనే మాట

1894 చట్టంలో 27వ సెక్షను ఖర్చులది. కోర్టు తీర్పులో ఖర్చులు ఎంతయ్యాయో, ఎవరు ఏ నిష్పత్తిలో భరించాలో రాయాలి. కలెక్టరు అవార్డు నిలబడకపోతే మామూలుగా కలెక్టరే ఖర్చులు కట్టాలి. కానీ... రైతు మరీ విపరీతంగా అడిగాడనో, కలెక్టరు ముందు తన కేసు చెప్పుకోవడంలో అశ్రద్ధ చేశాడనో కోర్టుకి అనిపిస్తే అతనికొచ్చే ఖర్చుల్లో కోత పెట్టొచ్చు. ఇంకా, కలెక్టరు ఖర్చుల్లో కొంత అతని చేతే కట్టించొచ్చు కూడా.

చదవడానికి బాగానే ఉంది. దీని పక్కన 25వ సెక్షను కూడా పెట్టి చదివితే అసలు చిక్కు తెలుస్తుంది. నోటీసు వచ్చినప్పుడు రైతు ఎంత అడిగాడో, కోర్టు అంతకు మించి ఇవ్వకూడదు. సరైన కారణం లేకుండా అసలేమీ అడగకపోతే కలెక్టరు ఇచ్చిన దానికంటే పైసా ఎక్కువ ఇవ్వకూడదు.

ఎక్కువ అడిగితే ఖర్చులు మీద పడొచ్చు. తక్కువ అడిగితే అదే ఆఖరు. ఏమీ అడగకపోతే అసలుకే సున్నా. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఇక్కడ పక్కన ఇంకో గొయ్యి కూడా ఉంది! ఈ రూలు 1984 దాకా నడిచింది. అద్దంకి బ్రాంచి కాలువకి పొలాలిచ్చిన తరం మొత్తం ఈ రూలు కిందే ఉంది. ఇంగ్లీషులో వచ్చిన నోటీసుకి సరైన అంకె రాసి ఇవ్వాలంటే ముందే ప్లీడరు కావాలి. ప్లీడరు కావాలంటే ముందే డబ్బు కావాలి. ఆ డబ్బు వచ్చేది పొలం మీద, ఆ పొలమేమో కాలువకి పోయింది.

1984 మార్పు, పక్క చేను కేసు

1984 సెప్టెంబరులో చట్టాన్ని సవరించారు. సొలేషియం 15 శాతం నుంచి 30 శాతానికి పెరిగింది. కోర్టు పెంచిన మొత్తం మీద మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ పెట్టారు. అడిగినదానికి మించి ఇవ్వకూడదన్న రూలు పోయింది. ఖర్చుల సెక్షను మాత్రం అలాగే ఉండిపోయింది.

కొత్తగా వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది 28-ఏ సెక్షను. ఒకే నోటిఫికేషన్ కింద పొలాలు పోయిన వాళ్ళలో ఒకడు కోర్టుకెళ్ళి రేటు పెంచుకుంటే, వెళ్ళని మిగతావాళ్ళు కూడా ఆ తీర్పు వచ్చిన మూడు నెలల్లో కలెక్టరుకి దరఖాస్తు పెట్టుకుని అదే రేటు అడగొచ్చు. అంటే ఒకడు ఖర్చు పెడితే ఊరందరికీ లాభం. ఓపెన్ సోర్సు లాంటిది అన్నమాట, ఒకడు రాసిన కోడు అందరూ వాడుకోవచ్చు.

ఓపెన్ సోర్సులో ఉన్న ఇబ్బందే ఇక్కడా ఉంది. ఆ మొదటివాడు ఎవడు? ప్రతివాడూ పక్కవాడు వేస్తాడులే అనుకుంటాడు.

"ఏం బాబాయ్, కేసు వేద్దామా?"

"మనకెందుకురా అబ్బాయ్ కోర్టులూ... ఎవరో ఒకళ్ళు వేస్తార్లే, వాళ్ళకొచ్చిందే మనకూ వస్తది."

ఇలాంటి మాట వినని ఊరుండదు. అది సోమరితనం కాదు, లెక్క. మొదటివాడి ఖర్చు నిజంగా తిరిగొస్తే ఈ సంభాషణ వేరేగా ఉండేది.

ఇంకో మెలిక కూడా ఉంది. మొదటివాడు విసిగిపోయి లోక్ అదాలత్ లో రాజీ పడితే, ఆ రాజీ అవార్డుని చూపించి పక్కవాళ్ళు 28-ఏ కింద అడగడం కుదరదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మొదటివాడితో రాజీ కుదిరితే ఆ పెంపు అతనితోనే ఆగిపోతుంది.

ఇంతకీ ఖర్చులంటే ఏమిటి?

గెలిచిన రైతుకి కోర్టు "ఖర్చులతో సహా" అని తీర్పు ఇచ్చిందనుకుందాం. డిక్రీ చివర ఒక చిన్న పట్టిక ఉంటుంది. స్టాంపులు, వకాలత్నామా, ప్లీడరు ఫీజు, సాక్షుల బత్తా... ఆ ప్లీడరు ఫీజు రైతు నిజంగా ఇచ్చింది కాదు, ఫీజు రూల్సు ప్రకారం లెక్కేసింది. పాత రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్ళు తీయించడం, వాటి తాలూకు సాక్షుల్ని బతిమాలి తీసుకురావడం, వాయిదాలకి ఒంగోలు తిరగడం, ఆ రోజు పోయిన పని... వీటిలో చాలావాటికి ఆ పట్టికలో గడే లేదు.

నిజానికి 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఖర్చులంటే గెలిచిన పార్టీ సహేతుకంగా నిజంగా పెట్టిన ఖర్చులే కావాలని చెప్పింది. పోయిన సమయం, ప్రయాణం, బస కూడా అందులో చేరతాయంది. మాట చాలా గొప్పది. కింది కోర్టు పట్టికలోకి మాత్రం అంత తేలిగ్గా దిగలేదు.

పట్టికలో రానిది ఎక్కడినుంచి వస్తుంది మరి? పరిహారంలోంచే. ఊళ్ళలో ఇది పర్సంటేజీ లెక్కన నడవడం అందరికీ తెలిసిందే. ముందు రూపాయి ఇవ్వక్కర్లేదు, వచ్చినదాంట్లో ఇంత. బార్ కౌన్సిల్ రూల్సు ప్రకారం వకీలు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చినదాంట్లో వాటా తీసుకోవడం నిషేధం. 2017 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి పర్సంటేజీ ఫీజు చెల్లదనీ, అది వృత్తిపరమైన తప్పనీ గట్టిగా చెప్పింది.

నేను వకీళ్ళని తిట్టడానికి ఇది రాయట్లేదు. పదేళ్ళు ఒక్క పైసా లేకుండా కేసు లాగే వకీలు దొరక్కపోతే చాలామంది రైతులు కోర్టు గడపే ఎక్కరు. పర్సంటేజీ అనేది రోగం కాదు, లక్షణం. చట్టం ఖర్చులివ్వని చోట అది పుట్టుకొస్తుంది.

ఊరికే ఒక లెక్క వేద్దాం (అంకెలు నావే, వడ్డీ రేట్లు మాత్రం 1984 తర్వాతి చట్టానివి). మూడెకరాలు. ఆఫీసరు ఎకరానికి లక్ష ఇచ్చాడు, కోర్టు లక్షా అరవై వేలంది. తేడా 1,80,000. దాని మీద 30 శాతం సొలేషియం 54,000. మొత్తం 2,34,000. సొలేషియం మీద కూడా వడ్డీ ఇవ్వాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, పదేళ్ళకి వడ్డీ వేస్తే మొదటి ఏడాది 21,060, మిగతా తొమ్మిదేళ్ళకి 3,15,900. అంతా కలిపి 5,70,960. అదనపు మార్కెట్ విలువ కింద వచ్చే 12 శాతాన్ని వదిలేసి వేసిన లెక్క ఇది.

ఇందులో నాలుగో వంతు పర్సంటేజీ పోయిందనుకోండి, 1,42,740. ప్రభుత్వం తక్కువగా కట్టిన రేటు 1,80,000 అయితే, దాన్ని రాబట్టుకోవడానికే దాదాపు లక్షన్నర ఖర్చు!

ప్రభుత్వం వైపు నుంచి కూడా చూడండి. మొదట్లోనే సరైన రేటు ఇచ్చి ఉంటే 2,34,000తో పోయేది. ఇప్పుడు దానికి రెట్టింపు కన్నా ఎక్కువ కట్టింది. అదెవరి డబ్బు? మన పన్నులే. తక్కువ రేటు రాసిన ఆఫీసరు అప్పటికి ఏ జిల్లాలో ఉన్నాడో, రిటైరయ్యాడో కూడా తెలియదు. ఎక్కువ రేటు రాస్తే ఆడిట్ వాళ్ళు అడుగుతారు, తక్కువ రాస్తే ఎవరూ అడగరు. బగ్గు పెట్టినవాడు ఒకడు, ప్రొడక్షన్ లో రాత్రంతా కూర్చునేవాడు ఇంకొకడు అయితే కోడు ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా?

అప్పీలు దగ్గర ఇంకో గేటు

కింది కోర్టు రేటు చాలకపోతే హైకోర్టుకి వెళ్ళాలి. అక్కడ ఎంత ఎక్కువ అడుగుతున్నారో ఆ తేడా మీద కోర్టు ఫీజు కట్టాలి. అందుకని రైతులు న్యాయంగా రావలసిందానికంటే, ఫీజు కట్టగలిగినంతే అడుగుతారు. 1985లో చండీగఢ్ భూముల కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం పట్టించుకుంది. ఒకే రకం భూమికి ఫీజు కట్టగలిగిన వాడికో రేటు, కట్టలేని వాడికో రేటు ఉండకూడదనీ, మిగిలిన ఫీజు కట్టుకోనిచ్చి అందరికీ ఒకే రేటు ఇవ్వాలనీ చెప్పింది. అడిగిందానికంటే ఎక్కువైనా సరే ఇవ్వొచ్చని తర్వాత 2016, 2017 తీర్పుల్లో కూడా వచ్చింది. ఇవి మంచి తీర్పులు. కానీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాడికి కదా దొరికేది.

గెలిచాక డబ్బు రాబట్టుకోవడం మరో కేసు. ఆర్డీవో ఆఫీసు కుర్చీలూ, జీపూ జప్తు చేశారని అప్పుడప్పుడు పేపర్లో చూస్తుంటాం. చదివి నవ్వుకుంటాం గానీ, దాని కోసం వేసిన పిటిషన్ ఖర్చు కూడా ముందు రైతు జేబులోంచే.

2013 తర్వాత

2014 జనవరి 1 నుంచి కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. సొలేషియం 100 శాతం అయింది, పునరావాసం చేరింది. సివిల్ కోర్టు బదులు ప్రత్యేక అథారిటీ వచ్చింది. ఖర్చుల సెక్షను (ఇందులో 71) తీసి చూస్తే 1894 నాటి వాక్యమే, కోర్టు అన్నచోట అథారిటీ అని మార్చారంతే. ఆ "మామూలుగా" కూడా అలాగే ఉంది. మొత్తం సాఫ్టువేరు తిరగరాసి ఒక్క ఫంక్షన్ ని కాపీ పేస్ట్ చేసినట్టు.

ఎక్స్ ప్రెస్ వే రైతులకి అది కూడా లేదు. జాతీయ రహదారులకి భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. 2015 నుంచి పరిహారం లెక్క 2013 చట్టం ప్రకారమే ఇస్తున్నారు, అది మంచిదే. కానీ రేటు దగ్గర పేచీ వస్తే వెళ్ళేది కోర్టుకి కాదు, కేంద్ర ప్రభుత్వం నియమించిన ఆర్బిట్రేటర్ దగ్గరికి. ఆయన సాధారణంగా రెవెన్యూ అధికారే. 1857లో మధ్యవర్తులతో మొదలుపెట్టి, వద్దనుకుని, మళ్ళీ మధ్యవర్తి దగ్గరికే వచ్చాం! కలెక్టరు అవార్డు నిలబడకపోతే ఖర్చులు ఆయనే కట్టాలన్న సెక్షను ఇందులో లేదు. 28-ఏ లాంటి పక్క చేను హక్కు కూడా లేదు. ఆర్బిట్రేటర్ పెంచిన మొత్తం మీద ఆ చట్టంలో రాసిన వడ్డీ 9 శాతమే.

ఆర్బిట్రేటర్ రేటు నచ్చక జిల్లా కోర్టుకెళితే, ఆ కోర్టు అవార్డుని కొట్టేయొచ్చు గానీ రేటు పెంచకూడదని 2021 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ లో ఐదుగురు జడ్జీల బెంచి కొన్ని పరిమితమైన సందర్భాల్లో మార్చొచ్చని కొంత సడలించింది. అంతకుముందు ఆ అవార్డుని కొట్టేస్తే మళ్ళీ మొదటికే, ఖర్చూ మళ్ళీ మొదటినుంచే.

ఒక్క దారి ఉంది. ఈ ఆర్బిట్రేషన్ కి 1996 చట్టం వర్తిస్తుంది. దానికి 2015లో చేర్చిన 31-ఏ సెక్షను ప్రకారం ఓడినవాడు గెలిచినవాడి ఖర్చులు ఇవ్వడం సాధారణ నియమం. అందులో వకీలు ఫీజు కూడా వస్తుంది. అడగాలి మరి.

అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం

అక్కడ బాగుంటుందేమో అనుకోకండి. అమెరికా రాజ్యాంగంలో న్యాయమైన పరిహారం ఇవ్వాలని ఉన్నా, అందులో వకీలు ఖర్చులు చేరవని అక్కడి సుప్రీంకోర్టు 1979లో చెప్పింది. 1970 నాటి ఫెడరల్ చట్టం కింద కొన్ని సందర్భాల్లోనే ఇస్తారు, ప్రభుత్వం మధ్యలో సేకరణ మానేసినప్పుడో, తీసుకునే హక్కే లేదని తేలినప్పుడో.

ఫ్లోరిడా మాత్రం వేరు. అక్కడ భూమి యజమాని వకీలు ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. ఎంతంటే, వకీలు రాకముందు ప్రభుత్వం రాతపూర్వకంగా ఇస్తానన్నదానికీ, చివరికి వచ్చినదానికీ ఉన్న తేడా చూస్తారు. ఆ తేడాలో మొదటి రెండున్నర లక్షల డాలర్ల దాకా 33 శాతం, అక్కడినుంచి పది లక్షల దాకా 25, ఆపైన 20. ఇది యజమాని పరిహారంలోంచి కోసేది కాదు, పైన ఇచ్చేది.

ఇందులో తెలివి చూడండి. తేడా లేకపోతే ఫీజు లేదు. గొంతెమ్మ కోరిక కోరినవాడికి ప్రయోజనం లేదు, 1892లో మనవాళ్ళకున్న భయానికి అదే జవాబు. మొదటి రేటు సరిగ్గా ఇచ్చిన ప్రభుత్వానికి ఖర్చూ లేదు. పర్సంటేజీ మన దగ్గరా ఉంది, దొడ్డిదారిన, రైతు వాటాలోంచి. అక్కడ దాన్నే ముందు గుమ్మంలోకి తెచ్చి బిల్లు ప్రభుత్వానికి వేశారు. మన 71వ సెక్షనులో ఇలాంటి రెండు వాక్యాలు చేరిస్తే చాలు.

అది వచ్చేదాకా మనలాంటివాళ్ళం ఊళ్ళో పెద్దవాళ్ళకి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అవార్డు డబ్బు తీసుకునేటప్పుడు అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాయించండి. అలా రాయకుండా తీసుకుంటే 1894 చట్టం కిందనైతే కోర్టుకెళ్ళే హక్కే పోయేది, ఇప్పుడూ రాయించడమే క్షేమం. గడువు తేదీ కాలెండర్ లో పెట్టండి. ప్రతి ఖర్చుకీ రసీదు ఉంచి, వాదన ముగిసే లోపల ఖర్చుల మెమో వేయమని వకీలుకి చెప్పండి, అడగని ఖర్చు ఎవరూ ఇవ్వరు. పొలం అమ్మ పేరున ఉంటే, 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఆదాయంతో సంబంధం లేకుండా ఆవిడకి ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కుంది. ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి కూడా అంతే. రాజీ పడేముందు పక్క చేల వాళ్ళని ఒక్క మాట అడగండి.

కాలువ నీళ్ళు అందరం తాగాం, చెరువు నీళ్ళు ఒంగోలు తాగుతోంది, రోడ్డు మీద రేపు మనమే కారేసుకుని పోతాం. ఆ పొలానికి సరైన ధర ఎంతో తేల్చే ఖర్చు మాత్రం పొలం పోగొట్టుకున్నవాడొక్కడే పెట్టుకోవాలనడం ఏం న్యాయం?